నాటో కార్డు పడినంత మాత్రాన యూరప్ మీది కాదు: ‘ట్వైలైట్ స్ట్రగుల్’ బోర్డు ఆట సమీక్ష

అమెరికా వైపు కూర్చున్న కొత్త ఆటగాడికి మొదటి పంపకంలోనే నాటో కార్డు పడితే ముఖం వెలిగిపోతుంది. 4 పాయింట్ల కార్డు, పైగా పేరే నాటో. వెంటనే బల్ల మీద కొట్టాలనిపిస్తుంది. కొట్టబోతే ఎదుటివాడు కార్డు మీది చిన్న అక్షరాలు చూపిస్తాడు: అంతకుముందే ‘మార్షల్ ప్లాన్’ (యూరప్‌కు అమెరికా ఆర్థిక సాయం) గానీ ‘వార్సా ప్యాక్ట్ ఫార్మ్‌డ్’ (సోవియట్ కూటమి ఏర్పాటు) గానీ ఆటలో జరిగి ఉండాలి. లేకపోతే ఇది ఈవెంటుగా, అంటే దాని మీద రాసిన ఘటనగా, చెల్లదు. జరిగి ఉన్నా, ఈ కార్డు కొత్తగా ఒక్క దేశాన్ని కూడా తెచ్చిపెట్టదు. అప్పటికే మీ పట్టులో ఉన్న యూరప్ దేశాలకు తాళం వేస్తుంది, అంతే. ఇల్లు ముందు మీరు కట్టుకోవాలి.

కమ్యూనిజానికి ఎదురుగా పెట్టుబడిదారీ దేశాలు కట్టిన కూటముల గురించి ఈ ఆట చెప్పే అసలు మాట అదే. కాగితం మీద సంతకం వేరు, దేశం మీద పట్టు వేరు. ఆ తేడాను రూల్సులో ఇంత బాగా ఇమిడ్చిన ఆట మరొకటి కనబడదు. అలాగని లోపాలు లేవని కాదు. ముఖ్యంగా మన ఉపఖండం దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఖాళీ ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు పెట్టెలో ఏముందో చూద్దాం. ఆనంద గుప్తా, జేసన్ మాథ్యూస్ రూపొందించిన ఈ ఇద్దరాటను అమెరికాకు చెందిన జీఎంటీ గేమ్స్ 2005లో విడుదల చేసింది. ఒకరు అమెరికా, మరొకరు సోవియట్ యూనియన్. కాలం 1945 నుంచి 1989 వరకు. బోర్డు ఆటలకు ఆటగాళ్లు మార్కులు వేసే బోర్డ్‌గేమ్‌గీక్ వెబ్‌సైటు జాబితాలో కొన్నేళ్ల పాటు, 2016 మొదలయ్యే దాకా, మొదటి స్థానం దీనిదే. మొదటి ముద్రణలో మ్యాపు మామూలు కాగితం. 2009లో వచ్చిన డీలక్స్ ముద్రణలో దాన్ని దళసరి అట్ట మీదకు మార్చారు. పరిస్తే 34 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు. సోఫా ముందు టీపాయ్ చాలదు, భోజనాల బల్ల కావాలి. ఎందుకంటే మ్యాపు పక్కన మూడు కార్డుల దొంతర్లకు చోటుండాలి: పంచాల్సినవి, వాడి పడేసినవి, ఆట నుంచి పూర్తిగా తీసేసినవి. ఈ చివరి రెండూ కలిసిపోతే ఆట పాడైనట్టే. 110 కార్డులు, రెండు పాచికలు, అంకెలు వేసిన చిన్న అట్ట బిళ్ళలు రెండు వందలకు పైగా ఉంటాయి. బిళ్ళల్లో నీలివి అమెరికావి, ఎర్రవి సోవియట్‌వి.

ఆట నడక పైకి సులువే. మొత్తం 10 టర్నులు. మొదటి 3 టర్నుల్లో చేతికి 8 కార్డులు, 6 ఎత్తులు. 4వ టర్ను నుంచి 9 కార్డులు, 7 ఎత్తులు. ప్రతి టర్ను మొదట్లో ఇద్దరూ ఒక్కో కార్డును బోర్లించి ఒకేసారి తిప్పుతారు, దాన్ని హెడ్‌లైన్ అంటారు. తర్వాత సోవియట్ ముందు, అమెరికా వెనుక, వంతులవారీగా ఒక్కో కార్డు వేస్తారు. ప్రతి కార్డుకూ రెండు ముఖాలున్నట్టు లెక్క. ఒకటి దాని మీద ఉన్న అంకె, అంటే ఆపరేషన్ పాయింట్లు. ఆడేవాళ్లు ఆప్స్ అంటారు. రెండోది దాని మీద రాసి ఉన్న చారిత్రక ఘటన. మీ పక్షం కార్డైతే రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎదుటి పక్షం కార్డు మీ చేతిలో పడితే ఆప్స్ మీకు దక్కుతాయి గానీ, ఆ ఘటన మాత్రం వాళ్లకు జరిగి తీరుతుంది. ఈ ఆటలోని బిగువంతా ఈ ఒక్క రూలులో ఉంది. చేతిలో ఉన్న 8 కార్డుల్లో 5 శత్రువువే అయినప్పుడు, ఏ విషాన్ని ఏ పూట మింగాలన్నదే మీ విదేశాంగ విధానం.

ఆప్స్‌తో మూడు పనులు చేయొచ్చు. పలుకుబడి బిళ్ళలు పెట్టడం ఒకటి: మీ బిళ్ళ ఉన్న దేశంలోనో, దాన్ని ఆనుకుని ఉన్న దేశంలోనో, ఒక్క బిళ్ళకు 1 ఆప్, శత్రువు పట్టులో ఉన్న దేశంలోనైతే 2. రెండోది కూ, అంటే ప్రభుత్వాన్ని కూలదోయడం. పాచిక వేసి, దానికి కార్డు ఆప్స్ కలిపి, అందులోంచి ఆ దేశపు స్థిరత్వం అంకెకు రెట్టింపు తీసేయాలి. మిగిలినంత మేర శత్రువు బిళ్ళలు లేచిపోతాయి, అవి అయిపోయాక ఇంకా మిగిలితే మీవి చేరతాయి. మూడోది రీఅలైన్‌మెంట్, అంటే పాచికల పోటీతో ఎదుటివాడి బిళ్ళలు తగ్గించడం; మొదటి రెండు మూడు ఆటల్లో దాని జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.

పట్టు అన్న మాటకు ఇక్కడ ఖచ్చితమైన లెక్క ఉంది. ప్రతి దేశానికీ స్థిరత్వం అంకె ఉంటుంది: బ్రిటన్ 5, పశ్చిమ జర్మనీ 4, జపాన్ 4, ఫ్రాన్స్ 3, ఇండియా 3, ఇటలీ 2, ఇరాన్ 2, పాకిస్తాన్ 2, వియత్నాం 1. మీ బిళ్ళలు శత్రువు బిళ్ళల కంటే కనీసం అంత ఎక్కువ ఉంటేనే ఆ దేశం మీ పట్టులో ఉన్నట్టు. ఫ్రాన్స్‌లో మీవి 3, వాళ్లవి 1 ఉంటే ఎవరి పట్టూ లేదు. 4కి 1 అయితేనే మీది. కొత్తవాళ్లు ‘ఎక్కువ బిళ్ళలు నావే కదా’ అని లెక్కేసుకుని, స్కోరింగ్ కార్డు (ఒక ప్రాంతంలో ఎవరి పట్టెంతో లెక్కగట్టి గెలుపు పాయింట్లు ఇచ్చే కార్డు) దిగగానే ఖంగు తింటారు.

ఇప్పుడు నాటో దగ్గరికి తిరిగి వద్దాం. కార్డు ప్రకారం, అది జరిగాక అమెరికా పట్టులో ఉన్న యూరప్ దేశాల్లో సోవియట్ కూ చేయకూడదు, రీఅలైన్‌మెంట్ చేయకూడదు. వినడానికి బ్రహ్మాస్త్రంలా ఉంటుంది. కానీ బోర్డు పక్కన ఉన్న డెఫ్‌కాన్ పట్టీ చూడండి. అణుయుద్ధానికి ఎంత దూరంలో ఉన్నామో చెప్పే కొలత అది, 5 నుంచి 1 దాకా. 4కి దిగితే యూరప్‌లో కూలు, రీఅలైన్‌మెంట్లు ఎవరికీ కుదరవు. 3కి దిగితే ఆసియాలో కుదరవు. 2కి దిగితే మధ్యప్రాచ్యంలో కూడా కుదరవు. కీలక దేశంలో, అంటే బ్యాటిల్‌గ్రౌండ్ అని గుర్తు ఉన్న దేశంలో, కూ చేసిన ప్రతిసారీ పట్టీ ఒక మెట్టు దిగుతుంది. సోవియట్ తన మొట్టమొదటి ఎత్తులోనే ఎక్కడో ఒకచోట కూ చేస్తుంది కాబట్టి డెఫ్‌కాన్ అప్పుడే 4కి పడిపోతుంది. ఆ తర్వాత ఆట చాలావరకు 2కీ 3కీ మధ్యే ఊగుతుంది. అంటే యూరప్‌కు తాళం ముందే పడిపోయింది. నాటో కార్డు వేస్తే దాని మీద ఇంకో తాళం.

అందుకే చేయి తిరిగిన ఆటగాళ్లు నాటోను ఈవెంటుగా వేయడం అరుదు. 4 ఆప్స్‌గా వాడి, 3 బిళ్ళలతో ఫ్రాన్స్‌ను పట్టులోకి తెచ్చుకుని, నాలుగోది ఇంకెక్కడో పెట్టుకుంటారు. ఆ కార్డు సోవియట్ చేతిలో పడినా అంతే: 4 ఆప్స్ హాయిగా వాడుకుంటుంది, ఘటన జరిగితే జరగనీ అనుకుంటుంది. మార్షల్ ప్లాన్, వార్సా ఒప్పందం ఇంకా జరగకపోతే ఘటన అసలు జరగనే జరగదు. అప్పుడు కార్డును ఆట నుంచి తీసేయరు, వాడినవాటిలో పడేస్తారు, కలిపి పంచినప్పుడు మళ్లీ వస్తుంది. ఈ చిన్న రూలును సగం మంది తప్పుగా ఆడతారు. చుక్క గుర్తున్న కార్డు కదా అని పక్కన పెట్టేస్తారు. చుక్క ఉన్నా, ఘటన నిజంగా జరిగితేనే తీసేయాలి.

మరి నాటో ఎందుకూ పనికిరాదా అంటే, ఒకచోట పనికొస్తుంది. 4వ టర్ను నుంచి వచ్చే ‘బ్రష్ వార్’ కార్డు, స్థిరత్వం 1 లేదా 2 ఉన్న ఏ దేశం మీదైనా యుద్ధం చేయనిస్తుంది, డెఫ్‌కాన్‌తో పని లేకుండా. యూరప్‌లో ఇటలీ, గ్రీస్, టర్కీ, స్పెయిన్-పోర్చుగల్ ఈ కోవలోకి వస్తాయి. ఇటలీ కీలక దేశం. సోవియట్ బ్రష్ వార్‌తో ఇటలీని లాగేసుకుని వెంటనే యూరప్ స్కోరింగ్ వేస్తే ఆట తలకిందులవుతుంది. నాటో జరిగి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి 3వ టర్ను చివర్లో మీ చేతిలో నాటో ఉండి, ఆప్స్‌తో తక్షణం కొట్టాల్సిన చోటు ఏదీ లేకపోతే, ఈవెంటుగా వేయడం తెలివైన పనే.

మార్షల్ ప్లాన్‌తో పోల్చి చూస్తే డిజైనర్ల ఆలోచన ఇంకా బాగా తెలుస్తుంది. అది కూడా 4 ఆప్స్ కార్డే. ఈవెంటుగా వేస్తే పశ్చిమ యూరప్‌లో సోవియట్ పట్టులో లేని 7 దేశాల్లో ఒక్కో బిళ్ళ చొప్పున 7 బిళ్ళలు వస్తాయి. నాటోకు సున్నా, డబ్బుకు 7. చరిత్రలో కూడా వరుస అదే: మార్షల్ ప్రకటన 1947 జూన్‌లో, 1948 నుంచి దాదాపు 1,300 కోట్ల డాలర్లు, ఆ తర్వాత 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాల సంతకాలు. నాటోకు ముందు మార్షల్ ప్లాన్ జరగాలన్న షరతు అందుకే సబబుగా ఉంది. కానీ రెండో షరతు మాత్రం తలకిందులు. వార్సా ఒప్పందం 1955 మే 14 నాటిది, పశ్చిమ జర్మనీ నాటోలో చేరిన కొద్ది రోజులకే పుట్టింది. దానివల్ల నాటో పుట్టినట్టు ఆట చూపించడం చరిత్ర తెలిసినవాడికి పంటికింద రాయే. ఆట సమతూకం కోసం పెట్టారనుకుని సర్దుకుపోవాలి.

కూటమిని శత్రువు బయటి నుంచి పగలగొట్టడం కంటే లోపలివాళ్లే వదులు చేయడం ఎక్కువన్న సంగతిని మాత్రం ఈ ఆట అద్భుతంగా పట్టుకుంది. ‘డీగాల్ లీడ్స్ ఫ్రాన్స్’ కార్డు చూడండి. ఫ్రాన్స్ నుంచి 2 అమెరికా బిళ్ళలు తీసేసి 1 సోవియట్ బిళ్ళ పెట్టాలి, అక్కడితో ఫ్రాన్స్‌కు నాటో రక్ష రద్దు. మీకు ఫ్రాన్స్‌లో సరిగ్గా 3 బిళ్ళలే ఉంటే అవి 1 అవుతాయి, ఎదురుగా సోవియట్‌ది 1. పట్టు పోయింది. తిరిగి తెచ్చుకోవాలంటే ఇంకో 3 ఆప్స్. 1966లో అధ్యక్షుడు డీగాల్ ఫ్రాన్స్‌ను నాటో ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి బయటికి తెచ్చి, ఫ్రాన్స్ గడ్డ మీది కార్యాలయాలను ఖాళీ చేయించాడు. 1967లో నాటో ప్రధాన కార్యాలయం బ్రస్సెల్స్‌కూ, సైనిక కమాండ్ కేంద్రం బెల్జియంలోనే మాన్స్ దగ్గరికీ మారాయి. ఫ్రాన్స్ కూటమిలోంచి పూర్తిగా వెళ్లిపోలేదు, కమ్యూనిస్టూ కాలేదు. ఆటలో 1-1 దగ్గర ఎవరి పట్టూ లేకుండా వేలాడే ఫ్రాన్స్ ఆ స్థితికి సరిగ్గా అద్దం పడుతుంది.

‘సూయెజ్ క్రైసిస్’ ఇంకా చేదు మాత్ర. ఫ్రాన్స్, బ్రిటన్, ఇజ్రాయెల్‌లలోంచి మొత్తం 4 అమెరికా బిళ్ళలు పోతాయి, ఒక్కో దేశంలో రెండుకు మించకుండా. 1956లో ముగ్గురు మిత్రులు అమెరికాకు చెప్పకుండా ఈజిప్టు మీద పడితే, అమెరికాయే వాళ్ల మెడలు వంచి వెనక్కి పంపింది. మిత్రులతో తగువు పడితే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో కార్డు లెక్కగట్టి చూపిస్తుంది. అమెరికా ఆటగాడి చేతిలో ఇది పడితే అంతరిక్ష పోటీలోకి విసిరేయడమే మందు: 3 ఆప్స్ కార్డు కాబట్టి అక్కడ చెల్లుతుంది, ఘటన జరగదు. కానీ మొదట్లో టర్నుకు ఒక్క కార్డే అలా విసరగలరు కాబట్టి, డీగాల్, సూయెజ్ రెండూ ఒకే చేతిలో పడితే ఒకదాన్ని మింగక తప్పదు. ఫ్రాన్స్‌లో ముందే 5 బిళ్ళలు పెట్టుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. డీగాల్ పడితే 3-1 మిగులుతుంది. పట్టు పోయినా ఒక్క ఆప్‌తో 4-1 చేసి తిరిగి నిలబెట్టుకోవచ్చు. 4వ టర్ను తర్వాత ‘విల్లీ బ్రాంట్’ పశ్చిమ జర్మనీకి ఇలాంటిదే చేస్తుంది: సోవియట్‌కు 1 పాయింటు, పశ్చిమ జర్మనీలో 1 బిళ్ళ, అక్కడ నాటో రక్ష రద్దు.

ఆసియా వైపు ఒప్పందాలు ఇంకా ముచ్చటగా పని చేస్తాయి. ‘యూఎస్-జపాన్ మ్యూచువల్ డిఫెన్స్ ప్యాక్ట్’ జపాన్‌లో పట్టుకు ఎన్ని బిళ్ళలు తక్కువైతే అన్నీ ఇచ్చేసి, సోవియట్ కూ, రీఅలైన్‌మెంట్లకు తలుపు మూసేస్తుంది. అమెరికాకు అక్కడ మొదట్లో 1 బిళ్ళ ఉంటుంది కాబట్టి మామూలుగా ఇంకో 3 వస్తాయి. దాని అసలు లాభం జపాన్‌లో కంటే కొరియాలో కనిపిస్తుంది. ‘కొరియన్ వార్’ కార్డులో సోవియట్ పాచిక 4, 5, 6 పడితే దక్షిణ కొరియా పోతుంది, 2 పాయింట్లూ పోతాయి. కానీ దక్షిణ కొరియాను ఆనుకుని అమెరికా పట్టులో ఉన్న ప్రతి దేశానికీ పాచికలోంచి 1 తీసేయాలి. జపాన్ మీ పట్టులో ఉంటే సోవియట్ గెలుపు ఆరింట మూడు నుంచి ఆరింట రెండుకు పడిపోతుంది. తైవాన్ కూడా మీదైతే ఆరింట ఒకటే.

తైవాన్ అన్నాక ‘ఫార్మోసన్ రిజల్యూషన్’ గురించి ఒక మాట. ఈ ఆటలో అన్నిటికంటే గడుసు కార్డు ఇదే. అది జరిగాక, తైవాన్ అమెరికా పట్టులో ఉంటే స్కోరింగ్‌లో కీలక దేశంగా లెక్క. అయితే అమెరికా ఆటగాడు ఎప్పుడు చైనా కార్డు వాడితే అప్పుడు ఈ కార్డు చెల్లకుండా పోతుంది. చైనా కార్డు ఇద్దరి మధ్య చేతులు మారే ప్రత్యేక కార్డు: 4 ఆప్స్, మొత్తం ఆసియాలోనే ఖర్చు పెడితే 5, వాడగానే ఎదుటివాడి చేతికి వెళ్తుంది. బీజింగ్‌తో చేయి కలిపితే తైపేకి ఇచ్చిన మాట చెల్లదన్న 1979 నాటి సంగతిని, ఒక్క వాక్యం వ్యాఖ్యానం లేకుండా, రెండు కార్డుల మధ్య ముడివేసి పెట్టారు. ఇలాంటి చోట్లే డబ్బు గిట్టుబాటు అయిందనిపిస్తుంది.

లాటిన్ అమెరికా కార్డుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ‘ఓఏఎస్ ఫౌండెడ్’ 1 ఆప్ కార్డు, 2 బిళ్ళలు ఇస్తుంది. అమెరికా దేశాల సంస్థ పుట్టింది 1948లో, కార్డు వచ్చేది 4వ టర్ను తర్వాత. ఐచ్ఛిక కార్డుల్లో ‘నోరాడ్’, ‘స్పెషల్ రిలేషన్‌షిప్’ ఉన్నాయి. రెండోది నాటో జరిగాకే బలం పుంజుకుంటుంది: బ్రిటన్ మీ పట్టులో ఉంటే పశ్చిమ యూరప్‌లో ఎక్కడైనా 2 బిళ్ళలు, పైగా 2 పాయింట్లు. నాటో లేకపోతే బ్రిటన్ పక్క దేశంలో ఒక్క బిళ్ళతో సరి.

ఇక అసలు ఫిర్యాదు. 110 కార్డులూ తిరగేసినా, ఆసియాలో పశ్చిమ దేశాలు కట్టిన రక్షణ కూటములైన సీటో లేదు, సెంటో లేదు. 1954 సెప్టెంబరులో మనీలాలో 8 దేశాలతో పుట్టిన సీటోలో ఆగ్నేయాసియా దేశాలు రెండే, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్. మిగిలినవి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, పాకిస్తాన్. 1955 నాటి బాగ్దాద్ ఒప్పందంలో టర్కీ, ఇరాక్, ఇరాన్, పాకిస్తాన్, బ్రిటన్. 1959లో ఇరాక్ తప్పుకున్నాక అది సెంటో అయింది. రెండింటిలోనూ ఉన్న ఆసియా దేశం పాకిస్తాన్ ఒక్కటే. మన పత్రికల్లో ఒక తరం పాటు సీటో, సెంటో అన్న మాటలు జంటగానే వచ్చేవి. ఆ జంట పాకిస్తాన్‌కు ఆయుధాలు తెచ్చిపెట్టింది గానీ, 1965లో, 1971లో యుద్ధానికి సైనికుణ్ణి పంపలేదు. కమ్యూనిస్టుల దాడికే మా బాధ్యత అని అమెరికా సీటోలో చేరినప్పుడే రాసిపెట్టుకుంది. సీటో 1977లో, సెంటో 1979లో మూతబడ్డాయి. ‘ఒప్పందం ఉంది, పట్టు లేదు’ అన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలాంటి సరుకును వదిలేయడం డిజైనర్ల పొరపాటే.

అయితే కార్డు లేకపోయినా, ఆ కూటముల భూగోళం మాత్రం మ్యాపు గీతల్లో దాగి ఉంది. అమెరికాకు మొదట్లో ఇరాన్‌లో 1 బిళ్ళ ఉంటుంది. ఇరాన్ నుంచి గీత పాకిస్తాన్‌కు, పాకిస్తాన్ నుంచి ఇండియాకు. ఒక ఎత్తులో పెట్టే బిళ్ళలు, ఆ ఎత్తు మొదలయ్యేనాటికి మీ బిళ్ళలున్న చోటికీ దాని పక్కకే వెళ్లగలవు. కాబట్టి ఇరాన్ నుంచి ఇండియా చేరాలంటే కనీసం రెండు ఎత్తులు. ఆ దారి పోతే మిగిలింది ఆస్ట్రేలియా నుంచి మలేసియా, థాయ్‌లాండ్, లావోస్-కంబోడియా, బర్మా మీదుగా సాగే చుట్టుదారి. మొదటిది సెంటో దారి, రెండోది సీటో దారి. అందుకే సోవియట్ ఆటగాడు తొలి ఎత్తులోనే ఇరాన్‌లో కూ చేస్తాడు. లెక్క చూడండి: 4 ఆప్స్ కార్డు, స్థిరత్వం 2కి రెట్టింపు 4. రెండూ చెల్లుకు చెల్లు. పాచిక ఎంత పడితే అంతే ఫలితం. 1 పడినా అమెరికా ఖాళీ. 3 పడితే అమెరికా 1 పోయి సోవియట్ 2 చేరి, ఇరాన్ ఎర్రబడుతుంది. అక్కడి నుంచి పాకిస్తాన్, ఇండియా సోవియట్‌కు నల్లేరు మీద బండి నడక. ఆసియాలోని 6 కీలక దేశాల్లో 2 పోయినట్టే.

ఇండియాను కేవలం 3 అంకె గల గడిగా చూపడం మనకు కొంచెం గుచ్చుకుంటుంది. అలీనోద్యమం అనేది ఈ బోర్డు మీద లేదు. బిళ్ళ లేని దేశం తటస్థం కాదు, ఇంకా ఎవరూ కొనని దేశం, అంతే. రెండు అగ్రరాజ్యాల కళ్లతో చూసిన ప్రపంచం ఇలాగే ఉండేదని సమర్థించుకోవచ్చు. ఆ సమర్థన సగమే నమ్మబుద్ధేస్తుంది.

ఆడేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటారో చెప్పుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ ఆటలు ముగిసేది డెఫ్‌కాన్ ఆత్మహత్యతో. పట్టీ 1కి చేరితే అణుయుద్ధం. ఆ సమయంలో ఎవరి ఎత్తు నడుస్తోందో వాళ్లే ఓడిపోతారు, పట్టీని దించింది ఎదుటివాడైనా సరే. సోవియట్ చేతిలో ‘సీఐఏ క్రియేటెడ్’ ఉందనుకోండి. డెఫ్‌కాన్ 2 ఉన్నప్పుడు దాన్ని వేస్తే అమెరికాకు 1 ఆప్‌తో ఏదో ఒకటి చేసే అవకాశం వస్తుంది. సోవియట్ బిళ్ళ ఉన్న ఆఫ్రికా కీలక దేశం ఒక్కటి చాలు, అక్కడ కూ చేస్తే పట్టీ 1, సోవియట్ ఓటమి. ఇది 1 ఆప్ కార్డు కాబట్టి అంతరిక్షంలోకీ విసరలేరు, అక్కడ మొదట్లో కనీసం 2 కావాలి. ప్రతి టర్ను మొదట్లో డెఫ్‌కాన్ ఒక మెట్టు పైకొస్తుంది కాబట్టి హెడ్‌లైన్‌లోనే వదిలించుకోవడం క్షేమం. ‘డక్ అండ్ కవర్’ కూడా సోవియట్‌కు అలాంటి బాంబే, కానీ అది 3 ఆప్స్, అంతరిక్షానికి పంపేయొచ్చు.

రెండోది స్కోరింగ్ కార్డును దాచుకోవడం. చేతికి వచ్చిన టర్నులోనే వేయాలి, టర్ను చివర చేతిలో ఉంటే ఆటే పోతుంది. మూడోది సైనిక చర్యల లెక్క: టర్ను ముగిసేసరికి డెఫ్‌కాన్ అంకెకు సమానంగా కూలో యుద్ధాలో చేసి ఉండాలి. తక్కువైనంత మేర ఎదుటివాడికి పాయింట్లు. శాంతంగా ఆడదామనుకున్న వాడికి ఇక్కడే జరిమానా పడుతుంది. నాలుగోది, జరిగిపోయిన ఒప్పందాలను మరచిపోవడం. పేరు కింద గీత ఉన్న కార్డుల ప్రభావం తర్వాత కూడా నడుస్తూనే ఉంటుంది. వాటికి గుర్తు బిళ్ళలు పెట్టెలోనే ఇచ్చారు, బోర్డు అంచున కనబడేలా పెట్టుకోండి. నాటో బిళ్ళ పెట్టకపోతే 6వ టర్నులో బ్రష్ వార్ వచ్చినప్పుడు గొడవ ఖాయం. ఇంకొకటి: యూరప్‌లో ఎక్కువ దేశాలతో పాటు 5 కీలక దేశాలూ, అంటే రెండు జర్మనీలు, పోలండ్, ఫ్రాన్స్, ఇటలీ, ఒకే పక్షానికి దక్కి యూరప్ స్కోరింగ్ పడితే, పాయింట్లతో పని లేకుండా ఆట అక్కడే అయిపోతుంది. ఫ్రాన్స్ కోసం అంత పాకులాట అందుకే.

సరుకు నాణ్యత బాగుంది. కార్డులు మామూలు పేకముక్కల వెడల్పు, 63 మిల్లీమీటర్లు, ఎత్తు 88. వాటికి స్లీవులు, అంటే ప్లాస్టిక్ తొడుగులు, తొడగడం తప్పనిసరి అనుకోండి. 3వ టర్నులో పంచుతూండగానే దొంతర అయిపోయి వాడినవి కలిపి మళ్లీ పంచాలి, కాబట్టి కలపడం ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. 50 చొప్పున వచ్చే ప్యాకెట్లైతే 3 కొనాలి. సముద్ర తీరం ఊళ్లలో ఉక్కకు కార్డులు వంగుతాయి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. బిళ్ళలను అంకెలవారీగా చిన్న జిప్ సంచుల్లో పెట్టుకుంటే పరచడానికి 10 నిమిషాలు, లేకపోతే అరగంట.

మన దగ్గర ఇది దిగుమతి సరుకే, ధర దుకాణాన్ని బట్టి బాగా మారుతుంది, కొనేముందు డీలక్స్ ముద్రణేనా అని అడగండి. భాష ఇంగ్లిష్ ఒక్కటే. కార్డుల్లోని వాక్యాలు కష్టమైనవి కావు గానీ, మొదటి ఆటలో ప్రతి కార్డూ చదువుకోవాలి కాబట్టి 4 గంటలు పెట్టుకోండి. అలవాటయ్యాక రెండున్నర, మూడు. ముందు తక్కువ ఖర్చుతో రుచి చూడాలంటే ప్లేడెక్ సంస్థ తెచ్చిన కంప్యూటర్ రూపం ఉంది. రూల్సు అదే చూసుకుంటుంది, నాటో వర్తిస్తుందా లేదా అన్న తగువు ఉండదు. వేర్వేరు దేశాల్లో ఉన్న స్నేహితులు రోజుకో ఎత్తు వేసుకోవడానికి అదే నయం. కానీ ఎదుటివాడు చైనా కార్డును వేలితో తడుముతూ ఆలోచిస్తుంటే చూడడంలో ఉన్న సరదా తెర మీద రాదు.

ఇద్దరూ సమానంగా ఆడగలవాళ్లైతే సోవియట్‌కు కొంచెం మొగ్గు ఉంటుంది. పోటీల్లో దాన్ని సరిచేయడానికి అమెరికాకు మొదట్లోనే అదనంగా 2 బిళ్ళలు ఇస్తారు, అప్పటికే తన బిళ్ళలున్న దేశాల్లో పెట్టుకోవాలి. ఆట మొదట్లో పశ్చిమ యూరప్‌లో నచ్చినచోట పెట్టుకోమని అమెరికాకు ఇచ్చే 7 బిళ్ళల్ని పశ్చిమ జర్మనీలో 4, ఇటలీలో 3గా పెట్టి, ఈ అదనపు రెంటిలో ఒకటి ఇటలీకి, ఒకటి ఇరాన్‌కు ఇవ్వండి. ఇరాన్‌లో 2 ఉంటే, 4 ఆప్స్ కార్డుతో వచ్చిన సోవియట్‌కు దాన్ని పట్టులోకి తెచ్చుకోవడానికి 3 చాలదు, 4 పడాలి.